సెల్మా: ఒక ఊరు, ఇద్దరు పోలీసులు

కిందటేడు మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌కి అట్లాంటా నుంచి పెన్సకోలా బీచ్‌కి బయల్దేరాం, నలుగురం. మాంట్‌గామరీ దగ్గర దక్షిణానికి తిరగాల్సిన కారుని నేను పడమటికి తిప్పించాను. "యాభై మైళ్ళేరా, అలా వెళ్ళి ఇలా వచ్చేద్దాం" అన్నాను. మిగిలిన ముగ్గురూ నన్ను తిట్టని తిట్టు లేదు. పొద్దున కట్టుకొచ్చిన పులిహోర అప్పటికే అయిపోయింది, ఎండ మండిపోతోంది, వీడేమో చరిత్ర అంటున్నాడు! చివరికి సెల్మాలో మేం ఉన్నది గంటంబావు. అందులో ఇరవై నిమిషాలు గ్యాస్ స్టేషన్లోనే పోయాయి.

ఆ వంతెన చూస్తే ఏమంత గొప్పగా ఉండదు. మన గోదావరి బ్రిడ్జి చూసిన కళ్ళకి అసలే ఆనదు. అలబామా నది మీద ఇనుప కమాను, మధ్యలో కొంచెం ఎత్తు, అటు దిగితే పాత షాపులు. కమాను మీద పెద్ద అక్షరాలతో ఎడ్మండ్ పెటస్ అని పేరు. ఈయన అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన జనరల్, ఆ తర్వాత సెనేటరు. కూ క్లక్స్ క్లాన్ నాయకుడు కూడానని చెబుతారు. అలాంటాయన పేరున్న వంతెన మీద 1965లో నల్లవాళ్ళు దెబ్బలు తిన్నారు, ఆ దెబ్బలతోనే ఓటుహక్కు చట్టం వచ్చింది. 2014లో వచ్చిన సెల్మా సినిమా చూసినవాళ్ళకి ఈ కథ సగం తెలుసు. నేను చెప్పాలనుకున్నది మిగతా సగం గురించి. ఆ ఊళ్ళో ఇద్దరు పోలీసు అధికారులుండేవారు, వాళ్ళ గురించి.

ముందు కొన్ని అంకెలు. 1960లో సెల్మా జనాభా సుమారు 28 వేలు. అంటే మన దగ్గర ఒక మోస్తరు మునిసిపాలిటీ. అందులో సగం మంది నల్లవాళ్ళు. సెల్మా ఉన్న డాలస్ కౌంటీలో (టెక్సాస్‌లో మనవాళ్ళుండే డాలస్ కాదు లెండి) ఓటు వయసొచ్చిన నల్లవాళ్ళు దాదాపు 15 వేల మంది ఉంటే, ఓటరు జాబితాలో ఉన్నది 300 చిల్లర. నూటికి రెండు! చట్టప్రకారం ఎవరూ వద్దనలేదు. నమోదు ఆఫీసు నెలకి రెండే రోజులు తెరుస్తారు. వెళ్తే రాజ్యాంగం మీద ప్రశ్నలడుగుతారు, ఫారంలో ఒక చోట చుక్క తప్పినా కొట్టేస్తారు. మన వీసా స్లాట్ల బాధ తెలిసినవాళ్ళకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. కాకపోతే మనం అడిగేది పరాయి దేశంలోకి ప్రవేశం. వాళ్ళడిగింది సొంత ఊళ్ళో ఓటు.

ఇక పోలీసులు. జిమ్ క్లార్క్ కౌంటీ షెరీఫ్. భారీ మనిషి. కోటు మీద "నెవర్" అని రాసిన బిళ్ళ పెట్టుకు తిరిగేవాడు. ఎప్పటికీ ఒప్పుకోం అని. చేతిలో పశువుల్ని అదిలించే కరెంటు కర్ర. వెనక రెండొందల మంది దాకా వాలంటీర్ల దండు, కొందరు గుర్రాల మీద. రెండోవాడు విల్సన్ బేకర్. 1958లో ఇదే క్లార్క్ మీద షెరీఫ్ పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. ఆ తర్వాత యూనివర్సిటీ ఆఫ్ అలబామాలో పోలీసులకి పాఠాలు చెప్పేవాడు. 1964లో జో స్మిదర్‌మన్ అనే ఫ్రిజ్‌లమ్ముకునే కుర్రాడు మేయరయ్యి, బేకర్ని పిలిచి ఊరి పోలీసు శాఖకి పెద్దని చేశాడు. అంటే ఒకే ఊళ్ళో రెండు పోలీసు వ్యవస్థలు. వీధులు బేకర్‌వి, కోర్టు భవనం క్లార్క్‌ది. ఓటరు నమోదు జరిగేది కోర్టు భవనంలోనే. ఊరేగింపు చర్చి దగ్గర బయల్దేరినప్పుడు ఒకరి చేతిలో, కోర్టు మెట్ల దగ్గరకొచ్చేసరికి ఇంకొకరి చేతిలో.

బేకర్ మంచివాడు, క్లార్క్ చెడ్డవాడు అని మీరప్పుడే అనేసుకుంటుంటే కాస్త ఆగండి. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

సెల్మాకి మూడేళ్ళ ముందు జార్జియాలో ఆల్బనీ అనే ఊళ్ళో మార్టిన్ లూథర్ కింగ్ ఇలాంటి ఉద్యమమే చేసి ఓడిపోయాడు. అక్కడి పోలీసు అధికారి లారీ ప్రిచెట్ తెలివైనవాడు. కింగ్ గాంధీ పద్ధతిలో నడుస్తున్నాడని తెలిసి, జైళ్ళు నింపడమే వాళ్ళ వ్యూహమని గ్రహించి, చుట్టుపక్కల కౌంటీల జైళ్ళన్నీ ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. కెమెరాల ముందు ఎవర్నీ కొట్టొద్దని తన మనుషులకి గట్టిగా చెప్పాడు. మర్యాదగా అరెస్టులు చేశాడు. పేపర్లలో ఫొటోలు లేవు, దేశంలో కోపం లేదు, ఉద్యమం చల్లారిపోయింది. వేరు బెంచీలు, వేరు కుళాయిలు ఎక్కడివక్కడే.

బేకర్ సెల్మాలో చెయ్యాలనుకున్నది సరిగ్గా ఇదే. ఆయన కూడా వేర్పాటు ఉండాలనే అన్నాడు. కాకపోతే గొడవ లేకుండా ఉండాలన్నాడు. మన భాషలో చెప్పాలంటే క్లార్క్ ప్రోగ్రాంని క్రాష్ చేసేరకం. బేకర్ ఖాళీ క్యాచ్ బ్లాక్. ఎర్రర్ వస్తుంది, లాగ్‌లో ఏమీ కనపడదు, కస్టమరు ఫోన్ చెయ్యడు, బగ్ మాత్రం పదేళ్ళు అలాగే ఉంటుంది.

ఉద్యమకారులకి ఈ లెక్క బాగా తెలుసు. 1965 జనవరి 2న కింగ్ సెల్మాలో బ్రౌన్ చాపెల్ చర్చిలో మొదటి సభ పెట్టాడు. అంతకు ముందు జూలైలోనే స్థానిక జడ్జి ముగ్గురు నలుగురు గుమిగూడి ఇలాంటి మీటింగులు పెడితే నేరమని ఆర్డరిచ్చి ఉన్నాడు. ఆ రోజు క్లార్క్ ఊళ్ళో లేడు, ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి మయామీ వెళ్ళాడు. బేకర్ ఆ ఆర్డర్ని అమలు చెయ్యనన్నాడు. సభ ప్రశాంతంగా జరిగిపోయింది. జనవరి 18న కింగ్ ఒక హోటల్లో గది తీసుకుంటుంటే ఒక తెల్లవాడు వచ్చి మొహం మీద గుద్దాడు. వాణ్ణి పట్టుకుని లాక్కెళ్ళింది బేకరే. ఆ రోజు క్లార్క్ కూడా బుద్ధిగానే ఉన్నాడు. ఇలాగే ఇంకో వారం గడిచుంటే సెల్మా ఇంకో ఆల్బనీ అయ్యుండేదేమో.

మర్నాడు క్లార్క్ ఆగలేకపోయాడు. అమీలియా బాయింటన్ అనే పెద్దావిణ్ణి కోటు మెడ పట్టుకుని రోడ్డు మీద నెట్టుకుంటూ పోయాడు. ఆ ఫొటో దేశమంతా చూసింది. ఆ రాత్రి సభలో కింగ్ మిత్రుడు రాల్ఫ్ అబర్నాతీ లేచి, మన సంఘంలో క్లార్క్‌గారికి గౌరవ సభ్యత్వం ఇద్దామని ప్రతిపాదించాడు. చర్చి అంతా ఒకటే నవ్వులు.

జనవరి 22న వందమందికి పైగా నల్లజాతి టీచర్లు కోర్టుకి నడిచారు. ఇది మామూలు సంగతి కాదు. టీచరంటే ఆ ఊళ్ళో నల్లవాళ్ళలో కాస్త జీతం, పరువు ఉన్న మధ్యతరగతి. వాళ్ళ ఉద్యోగాలు ఉండేది తెల్లవాళ్ళ స్కూలు బోర్డు చేతిలో. అప్పటిదాకా ఉద్యమానికి దూరంగా ఉన్నవాళ్ళు. కొంతమంది జైలుకెళ్ళడానికి సిద్ధమై టూత్‌బ్రష్‌లు తెచ్చుకున్నారు, వాటిని పైకెత్తి చూపించారు కూడా. క్లార్క్ వాళ్ళని మెట్ల మీంచి లాఠీలతో తోసేశాడు, అరెస్టు మాత్రం చెయ్యలేదు. నాకు ఈ కథ మొత్తంలో బాగా గుచ్చుకున్నది ఆ టూత్‌బ్రష్‌లే. ఎందుకంటే ఉద్యోగం పోతే ఏమవుతుందోనని రాత్రుళ్ళు నిద్రపోనివాళ్ళని నేను అర్థం చేసుకోగలను. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం వదలాల్సిన వాణ్ణి కదా!

ఫిబ్రవరిలో క్లార్క్ మరీ మితిమీరాడు. కోర్టు దగ్గర నిలబడ్డ నూట అరవై మందికి పైగా పిల్లల్ని, ఎక్కువగా హైస్కూలు పిల్లలు, ఊరి బయటికి పరుగులు పెట్టించాడు. వెనక కార్లలో వాలంటీర్లు, చేతుల్లో కరెంటు కర్రలు. ఆ తర్వాత రెండ్రోజులకే క్లార్క్ గుండెనొప్పితో ఆస్పత్రిలో చేరాడు. ఆ పిల్లలేం చేశారో తెలుసా? వానలో తడుస్తూ కోర్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయనకి తగ్గాలని ప్రార్థన చేశారు. శరీరానికీ, మనసుకీ కూడా నయం కావాలని! ఇందులో భక్తి ఎంతో, చురక ఎంతో నేను చెప్పలేను. రెండూ ఉండే ఉంటాయి.

అన్నట్టు, ఈ అహింసా శిక్షణకి మన దేశంతో నిజమైన చుట్టరికం ఉంది. సెల్మాలో 1963 నుంచే పని మొదలుపెట్టిన బెర్నార్డ్ లఫాయెట్‌కి పాఠాలు చెప్పిన జేమ్స్ లాసన్ 1950లలో మూడేళ్ళపాటు నాగపూర్‌లో కాలేజీలో పనిచేసి, గాంధీ పద్ధతుల్ని దగ్గరగా చదువుకుని వెళ్ళాడు. 1928లో మద్రాసులో ప్రకాశంగారు తుపాకీకి రొమ్ము చూపించడం మనం స్కూల్లో చదువుకున్నాం. ఆ ధైర్యం ఒక్కడిది. వందలమంది చేత, అదీ పిల్లల చేత, తిరిగి చెయ్యెత్తకుండా నిలబెట్టించడానికి మాత్రం నెలల తరబడి తర్ఫీదు కావాలి.

ఫిబ్రవరి 18న పక్క ఊరు మేరియన్‌లో రాత్రి ఊరేగింపు మీద పోలీసులు పడ్డారు. జిమ్మీ లీ జాక్సన్ అనే 26 ఏళ్ళ కుర్రాణ్ణి ఒక స్టేట్ ట్రూపర్ కాల్చాడు. తల్లినీ తాతనీ కాపాడబోయి దెబ్బతిన్నాడు, ఎనిమిది రోజులకి పోయాడు. ఆ ట్రూపర్ మీద కేసు 2007లో పెట్టారు. 2010లో నేరం ఒప్పుకుంటే ఆర్నెల్ల శిక్ష పడింది. 45 ఏళ్ళకి ఆర్నెల్లు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న రోజు, మార్చి 6, శనివారం. వంతెన మీద రక్తం పారింది మరుసటి రోజు కాబట్టి ఈ శనివారాన్ని దాదాపు అందరూ మర్చిపోయారు. ఆ రోజు అలబామా తెల్లవాళ్ళు 72 మంది సెల్మా వచ్చి నల్లవాళ్ళ ఓటుహక్కు కోసం కోర్టుకి నడిచారు. ఉత్తరాది నుంచి వచ్చిన వాళ్ళు కాదు. అదే రాష్ట్రంలో పుట్టిపెరిగి, మళ్ళీ సోమవారం అదే ఆఫీసుకి, అదే పక్కింటివాళ్ళ మధ్యకి వెళ్ళాల్సినవాళ్ళు. నాయకుడు జోసెఫ్ ఎల్వాంగర్, బర్మింగ్‌హామ్‌లో ఒక నల్లవాళ్ళ లూథరన్ చర్చికి తెల్ల పాస్టరు. వాళ్ళ నాన్న సెల్మాలోనే నల్లజాతి విద్యార్థుల లూథరన్ కాలేజీకి ప్రిన్సిపాల్‌లాంటి పదవిలో ఉండేవాడు. అంటే ఆయనకిది సొంతూరులాంటిదే.

కోర్టు దగ్గర అప్పటికే తెల్లవాళ్ళ గుంపు ఇంకొకటి కాచుకుని ఉంది, ఇనుప గొట్టాలతో, కర్రలతో. రోడ్డుకి అవతలపక్క కొన్ని వందలమంది నల్లవాళ్ళు చూస్తున్నారు. ఎల్వాంగర్ మెట్లెక్కి ప్రకటన చదువుతుంటే కాచుకున్న గుంపు దక్షిణాది వాళ్ళ డిక్సీ పాట ఎత్తుకుంది. వచ్చిన 72 మంది దేశభక్తి గీతం ఒకటి అందుకున్నారు. అవతలి నుంచి నల్లవాళ్ళు "వుయ్ షల్ ఓవర్‌కమ్" మొదలుపెట్టారు. ఒకే వీధిలో మూడు గుంపులు, మూడు పాటలు. మన ఊళ్ళో వినాయక చవితి పందిళ్ళ మైకుల పోటీ గుర్తొచ్చింది నాకు, కానీ అక్కడ రాగం తప్పితే తలలు పగులుతాయి. ఆ 72 మందినీ ఒక్క దెబ్బ తగలకుండా వెనక్కి పంపించింది బేకర్ పోలీసులే.

అదే ఊళ్ళో ఇరవైనాలుగ్గంటల తర్వాత ఏమైందో చూడండి. ఆరొందల మంది నల్లవాళ్ళు ఇద్దరిద్దరుగా వంతెన ఎక్కారు, ముందు జాన్ లూయిస్, హోజియా విలియమ్స్. బేకర్ ఈ పనిలో తన మనుషుల్ని కలపనన్నాడు, దానిమీద మేయరుతో గొడవపడ్డాడు. కానీ వంతెన దిగితే ఊరి పొలిమేర అయిపోతుంది. అక్కడ ఉన్నది గవర్నర్ వాలస్ పంపిన ట్రూపర్లు, క్లార్క్ గుర్రాలు. రెండు నిమిషాలు టైమిచ్చారు, అది కూడా పూర్తికాకుండానే మీదపడ్డారు. బాష్పవాయువు, లాఠీలు. జాన్ లూయిస్ పుర్రె చిట్లింది. ఆ రాత్రి ఏబీసీ ఛానెల్లో నాజీల మీద విచారణ గురించి "జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్" సినిమా వస్తోంది, దాదాపు 4 కోట్ల 80 లక్షల మంది చూస్తున్నారు. దాన్ని మధ్యలో ఆపేసి సెల్మా దృశ్యాలు వేశారు. సినిమా ఎక్కడ ఆగిందో, వార్త ఎక్కడ మొదలైందో కొంతమందికి వెంటనే తెలియలేదట. అబద్ధం అనిపించదు.

తర్వాతది చాలామందికి తెలిసిందే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. మార్చి 9న కింగ్ రెండువేల మందితో వంతెన దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఆ రాత్రే జేమ్స్ రీబ్ అనే తెల్ల పాస్టర్ని వీధిలో కొట్టారు, రెండ్రోజులకి పోయాడు. బ్రౌన్ చాపెల్ దగ్గర బేకర్ రోడ్డుకి అడ్డంగా బట్టలారేసుకునే తాడొకటి కట్టించాడు. రాత్రింబవళ్ళు వానలో అటు పోలీసులు, ఇటు జనం. జనం దానికి బెర్లిన్ గోడ అని పేరుపెట్టి పాట కట్టారు. చివరికి బేకరే కత్తి తీసుకుని ఆ తాడు కోసేశాడు. మార్చి 15న ప్రెసిడెంట్ జాన్సన్ పార్లమెంటు ముందు మాట్లాడాడు, 21న సైన్యం కాపలాతో అసలు పాదయాత్ర మొదలైంది, 54 మైళ్ళు నడిచి 25న మాంట్‌గామరీ చేరేసరికి పాతికవేల మంది. ఆ రాత్రి వయోలా లియుజో అనే డెట్రాయిట్ గృహిణిని క్లాన్ వాళ్ళు కాల్చి చంపారు. ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం సంతకమైంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఆ మరుసటేడు. 1966 మే ఎన్నికల్లో క్లార్క్ మీద మళ్ళీ బేకర్ పోటీ చేశాడు. ఈసారి వేలమంది కొత్త నల్ల ఓటర్లు. వాళ్ళ పేటల నుంచి వచ్చిన ఆరు పెట్టెలు చెల్లవని పార్టీ కమిటీ పక్కన పెట్టేసింది. ఫెడరల్ కోర్టు లెక్కపెట్టాల్సిందే అంది. బేకర్ గెలిచాడు. క్లార్క్ చివరికి మొబైల్ హోములు అమ్ముకుని, 1978లో గంజాయి స్మగ్లింగ్ కేసులో జైలుకెళ్ళాడు. 2007లో పోయేదాకా తను చేసింది తప్పని అనలేదు.

బేకర్ మారాడా? నల్లవాళ్ళ ఓట్లు అడగాల్సొచ్చినవాడు మారక చస్తాడా అని ఒకరంటారు. రెండేళ్ళపాటు ఆ వీధిలో నిలబడి చూసినవాడు మారకుండా ఉండలేడని ఇంకొకరు. నాకు మొదటిదే నిజమనిపిస్తుంది. అదేమీ తక్కువ సంగతి కాదు కూడా. మనసు మారేదాకా ఆగుదామంటే ఇంకో వందేళ్ళు. ఓటుంటే మనసు మారకపోయినా మాట మారుతుంది. అదే మేయర్ స్మిదర్‌మన్ కొద్దికాలం తప్ప 2000 దాకా గద్దె మీదే ఉన్నాడు, అదే నల్లవాళ్ళ ఓట్లు కూడా వేయించుకుంటూ. 2000లో గానీ సెల్మాకి మొదటి నల్లజాతి మేయర్ రాలేదు.

ఇదంతా మనకెందుకు అని మా వాళ్ళు కార్లో అడిగారు. నిజమైన జవాబు ఒకటుంది. ఓటుహక్కు చట్టం పాసుచేసిన పార్లమెంటే, అదే 1965లో, అక్టోబరు 3న సంతకమైన వలస చట్టాన్నీ పాసుచేసింది. అంతకు ముందు ఇండియా మొత్తానికి ఏడాదికి వంద మంది కోటా. వంద! జాతిని బట్టి మనుషుల్ని లెక్కగట్టడం సిగ్గుచేటని ఆ ఏడాది అమెరికాకి అనిపించబట్టే ఆ కోటా పోయింది. ఆ అనిపించడం వెనక ఆ టూత్‌బ్రష్‌లు, ఆ వానలో పిల్లలు ఉన్నారు. ఇది చెప్తే వెనక సీట్లో వాడు, "అయితే మనం బీచ్‌కి వెళ్ళడం కూడా వాళ్ళ దయేనంటావ్, పోనీ తొందరగా పద" అన్నాడు :)

2020లో అమెరికా ఊరూరా రెండు గుంపులు ఎదురెదురుగా రోడ్లెక్కినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం రాసుకున్నామో గుర్తుందా? నేనప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను, అయినా చూశాను. "వాళ్ళ గొడవ వాళ్ళది, మనం చదువుకున్నవాళ్ళం, మనల్ని ఎవరేమంటారు" అని ఒక పెద్దాయన రాస్తే అందరూ బొటనవేళ్ళు చూపించారు. నేను కూడా.

సెల్మాకి ఉత్తరాన హంట్స్‌విల్ పక్కన మాడిసన్ అని చిన్న ఊరుంది. మన ఇంజినీర్లు చాలామంది ఉంటారక్కడ. 2015 ఫిబ్రవరిలో అక్కడికి ఒక గుజరాతీ తాతగారు మనవణ్ణి చూసుకోడానికొచ్చారు. వయసు 57, నిజానికి తాత అనడానిక్కూడా లేదు. పొద్దున్నే కొడుకింటి ముందు ఫుట్‌పాత్ మీద నడుస్తున్నారు. ఎవరో నల్లవాడు అనుమానంగా తిరుగుతున్నాడని ఇరుగుపొరుగు పోలీసులకి ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. ఇండియా అన్నారు, ఇంటి నంబరు చెప్పారు. ఒక పోలీసు చేతులు వెనక్కి పట్టుకుని నేలకేసి కొట్టాడు. మెడ ఎముక దెబ్బతిని ఒళ్ళు చచ్చుబడింది. వీడియో ఉంది, గవర్నరు క్షమాపణ చెప్పాడు, అయినా రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. 2016లో జడ్జి ఆ పోలీసుని నిర్దోషి అంది.

ఆ ఫోన్ చేసినాయనకి మన డిగ్రీలు కనపడలేదు.

నేను చూసినప్పుడు సెల్మాలో చాలా షాపులకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. జనాభా 18 వేలకి పడిపోయింది, 2023 జనవరిలో వచ్చిన టోర్నడో ఇంకొన్ని ఇళ్ళు ఎత్తుకుపోయింది. ఓటుహక్కు చట్టంలో కీలకమైన భాగాన్ని 2013లో సుప్రీంకోర్టు పనికిరాకుండా చేసింది, ఆ కేసు వేసిందీ అలబామాలోని ఒక కౌంటీయే. వంతెనకి మాత్రం ఇంకా పెటస్ పేరే. 2020 జూలైలో జాన్ లూయిస్ భౌతికకాయాన్ని గుర్రపు బండి మీద ఆ వంతెన దాటించారు. అటుపక్క అలబామా ట్రూపర్లు సెల్యూట్ చేశారు.

నాన్న వచ్చేనెల మొదటిసారి ఇక్కడికొస్తున్నారు. రిటైరైనా రోజూ తెల్లారగట్ల ఐదింటికి లేచి మూడు మైళ్ళు నడవందే ఆయనకి కాఫీ దిగదు. మొన్న ఫోన్లో అడిగారు, "ఒరే, మీ ఇంటి దగ్గర నడవడానికి రోడ్డు బావుంటుందా, కుక్కలేమన్నా ఉంటాయా" అని. ఫుట్‌పాత్ ఉంది నాన్నా, కుక్కలు లేవు అన్నాను. ఆ రాత్రే మా అపార్ట్‌మెంట్ అడ్రసు, నా ఫోన్ నంబరు, "నాకు ఇంగ్లీషు సరిగా రాదు, దయచేసి మా అబ్బాయికి ఫోన్ చెయ్యండి" అన్న ముక్క ఇంగ్లీషులో ఒక కార్డు మీద ప్రింట్ తీసి లామినేట్ చేయించాను. ఇది జేబులో ఎందుకు పెట్టుకోవాలని ఆయనడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు.